వైణిక శిఖామణి చిట్టిబాబు

గోదావరి సీమ కవులకే కాక వైణికులకూ పుట్టినిల్లు. పిఠాపుర సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి, ద్రాక్షారామంలో ఈమని అచ్యుతరామశాస్త్రి వీణను ఆరాధించిన మహానుభావులు. అచ్యుతరామశాస్త్రి కుమారుడు ఈమని శంకరశాస్త్రి. ఆయన శిష్యులలో అగ్రగణ్యుడు చిట్టిబాబు.

చిట్టిబాబు 1936 అక్టోబరు 13న కాకినాడలో జన్మించారు. సుందరమ్మ, రంగారావు ఆయన తల్లిదండ్రులు. పెట్టిన పేరు హనుమాన్లు. చిట్టిబాబు అన్నది ఇంట్లో పిలుచుకొనే ముద్దుపేరు. లోకంలో అదే నిలిచిపోయింది. తండ్రి వీణ వాయిస్తుండగా దొర్లిన అపస్వరాన్ని ఐదేళ్ల బాలుడు పసిగట్టి సరిదిద్దాడని చెబుతారు. గొప్పవారి బాల్యం చుట్టూ ఇటువంటి కథలు అల్లుకోవడం సహజమే. అయితే ఐదవ ఏట వీణ పట్టిన ఆ బాలుడు పన్నెండవ ఏట తొలి కచేరీ చేశాడన్నది మాత్రం కథ కాదు. పండ్రవాడ ఉపమాకయ్య, ఈయుణ్ణి అప్పలాచార్యులు ఆయనకు తొలి గురువులు.

1948లో బాలనటుడిగా అవకాశం రాగా తండ్రితో కలిసి మద్రాసు చేరారు. 1949లో విడుదలైన ‘లైలా మజ్ను’ చిత్రంలో నటించారు. నటన అంతటితో ఆగింది, వీణ ఆగలేదు. శంకరశాస్త్రి శిష్యరికంలో ఆయన విద్య పదునుదేరింది. గాత్రం పాడినట్లు వీణను పలికించడం ఆ గురువుగారి బాణీ.

అలా పలికించడం ఎంత కష్టమో తెలియాలంటే తీగెల సంగతి కొంత తెలియాలి. వీణకు 7 తీగెలు. మెట్ల మీదుగా సాగే 4 తీగెలపై రాగం పలుకుతుంది. పక్కనున్న 3 తీగెలు తాళానికీ శ్రుతికీ తోడు. సారణి, పంచమం సన్నని ఉక్కు తీగెలు; మంద్రం, అనుమంద్రం అంతకంటె లావైనవి. లావు తీగెను బిగించి కడితే నాదం నిండుగా ఉంటుంది, కాని వ్రేలికి లొంగదు. సన్నని తీగె సులువుగా లొంగుతుంది, నాదం పలుచబడుతుంది. గమకం పలకాలంటే ఒకే మెట్టు మీద తీగెను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు రాబట్టాలి. కనుక నాదానికీ గమకానికీ నడుమ తన చోటేదో ప్రతి వైణికుడూ తన చేతిని బట్టి తేల్చుకోవలసిందే. అమెరికాలో జాజ్ సంగీతానికి డబుల్ బాస్ వాయించినవారూ ప్రేగు తీగెలా, ఉక్కు తీగెలా అని ఇదే విధంగా తర్జనభర్జన పడ్డారు.

వీణకు మరొక చిక్కు కూడా ఉన్నది. మీటిన కొద్దిసేపటికే నాదం సన్నగిల్లుతుంది. మాటిమాటికీ మీటితే రాగం ముక్కలవుతుంది. ఒక్క మీటుతో పుట్టిన నాదం ఆరిపోయేలోగా ఎడమచేతి వ్రేళ్లతో తీగెను లాగి, వదలి, జార్చి స్వరాలను కలుపుకొని పోవాలి. చిట్టిబాబు వీణ పాడుతున్నదని శ్రోతలు అనుకోవడానికి ఈ నేర్పే కారణం.

మద్రాసులో ఆయన చాలాకాలం సినీ వాద్యబృందాలలో వీణ వాయించారు. అక్కడ పని నిత్యం ఉంటుంది, పేరు మాత్రం తెరపై కనబడదు. ఆ భద్రతను వదలి కచేరీలనే నమ్ముకోవడం సాహసమే. అప్పటికి వీణ కచేరీకి జనం పెద్దసంఖ్యలో తరలిరావడం అరుదు. అయినా ఆయన ఆ దారినే ఎంచుకున్నారు. శ్రీధర్ దర్శకత్వంలో 1964లో వచ్చిన ‘కలైక్కోయిల్’ అనే తమిళ చిత్రంలో కథానాయకుడు వైణికుడు. తెర వెనుక ఆ వీణను పలికించింది చిట్టిబాబే.

కర్ణాటక కృతులతో పాటు ఆయన సొంత కల్పనలూ చేశారు. వాటిలో ‘కొమ్మలో కోయిల’ మిక్కిలి ప్రసిద్ధం. కోయిల కూత ఒక స్వరం నుండి మరొక స్వరానికి గెంతదు, జారుతూ పైకి పోతుంది. మెట్టు మారిస్తే ఆ జారు తెగిపోతుంది. తీగెను లాగితేనే అది దక్కుతుంది. ఆయన వీణపై గుడిగంటలూ మోగాయి, వేదఘోషా వినబడింది. పవిత్రమైన వీణకు ఈ అనుకరణలు తగునా అన్న శంక సంప్రదాయజ్ఞులకు కలగడంలో వింత లేదు. కాని కోయిల కోసం వచ్చినవారు త్యాగరాజ కృతిని కూడా విని వెళ్లారన్నది మరువరాదు.

1967లో మైసూరు మహారాజు ఆయనను వైణిక శిఖామణి బిరుదుతో సత్కరించారు. 1990లో సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. 1996 ఫిబ్రవరి 9న మద్రాసులో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 59 సంవత్సరాలు.