ఆ ఫొటో పార్కిన్సన్‌ది కాదు, ఓ పళ్ల డాక్టర్‌ది! వణుకు జబ్బుకు పేరిచ్చిన వైద్యుడు నోటి కష్టం గురించి 1817లోనే ఏం రాశారంటే..

పార్కిన్సన్స్ అనగానే అందరికీ వణికే చేతులే గుర్తొస్తాయి. కానీ ఈ జబ్బుతో బతికేవాళ్లలో చాలామందికి పళ్లు పుచ్చిపోవడం, చిగుళ్లు చెడిపోవడం, చివరికి పళ్లే ఊడిపోవడం కూడా పెద్ద బాధ. దీన్ని ఓ ప్రత్యేకమైన జబ్బుగా మొదట వివరించిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్, పేషెంట్ నోట్లో ఏం జరుగుతుందో కూడా అప్పుడే రాసిపెట్టారు. లోకం చేతి వణుకును గుర్తుపెట్టుకుంది. నోటి సంగతి మాత్రం మర్చిపోయింది. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 11ను ఇప్పుడు ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా జరుపుతున్నారు. ఇంతకీ ఎవరీ పార్కిన్సన్?

ముఖం ఎవరికీ తెలియదు

ఆయన ఎలా ఉండేవారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆయనదని చెప్పగలిగే చిత్రం ఒక్కటీ దొరకలేదు. కొన్ని పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఆయనదే అంటూ ఓ ఫొటో తిరుగుతుంటుంది. నిజానికి అది అదే పేరున్న ఓ దంతవైద్యుడిది. అసలు పార్కిన్సన్ 1824లోనే చనిపోయారు. అప్పటికి ఫొటోలు తీసే పద్ధతే జనంలోకి రాలేదు.

తండ్రి దగ్గరే వైద్యం

1755 ఏప్రిల్ 11న లండన్ పక్కనున్న హాక్స్‌టన్‌లో జేమ్స్ పుట్టారు. తండ్రి జాన్ అక్కడే మందులిచ్చే వైద్యుడు, సర్జన్ కూడా. కొడుకు ఆయన దగ్గరే పని నేర్చుకున్నారు. 1776లో కొన్ని నెలలు లండన్ హాస్పిటల్‌లో శిక్షణ పొందారు. 1784లో సర్జన్‌గా గుర్తింపు వచ్చింది. ఆ మరుసటి ఏడాది జాన్ హంటర్ అనే ప్రఖ్యాత సర్జన్ పాఠాలకు వెళ్లి, విన్నదంతా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నారు. మనిషి పళ్ల నిర్మాణంపై 1771లో పేరున్న పుస్తకం రాసింది ఈ హంటరే. పార్కిన్సన్ రాసుకున్న ఆ నోట్సును ఆయన చనిపోయాక, 1833లో కొడుకు అచ్చువేయించారు.

హాక్స్‌టన్‌లో పేదలు ఎక్కువ. పార్కిన్సన్ జీవితమంతా వాళ్ల మధ్యే గడిచింది. మామూలు జనం అర్థం చేసుకునేలా ఆరోగ్య పుస్తకాలు రాశారు. మానసిక రోగులను ఉంచే ఇళ్లలో పద్ధతులు మారాలని అడిగారు. చిన్న వయసులోనే పనికి పెట్టే అనాథ పిల్లల తరఫునా మాట్లాడారు.

రాజు హత్య కుట్ర కేసులో విచారణ

ఆయన డాక్టర్ మాత్రమే కాదు, ప్రభుత్వానికి తలనొప్పి కూడా. ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో ఘాటైన రాజకీయ కరపత్రాలు రాశారు. సామాన్యులకూ ఓటు కావాలని అడిగిన లండన్ కరస్పాండింగ్ సొసైటీలో సభ్యుడిగా ఉన్నారు. 1794లో ఆ సంఘం వాళ్లపై ఓ విచిత్రమైన కేసు పడింది. రాజు మూడో జార్జిని విషం పూసిన బాణంతో చంపాలని కుట్ర పన్నారన్నది ఆరోపణ. పార్కిన్సన్‌ను ప్రివీ కౌన్సిల్ ముందుకు పిలిచి ప్రమాణం చేయించి మరీ ప్రశ్నించారు. ఆయన మీద మాత్రం ఏ కేసూ నిలబడలేదు.

ఆ తర్వాత ఆయన దృష్టి శిలాజాల మీదికి మళ్లింది. 1804 నుంచి 1811 వరకు వాటిపై మూడు సంపుటాల పుస్తకం తెచ్చారు. 1807లో లండన్ జియోలాజికల్ సొసైటీని స్థాపించినవాళ్లలో ఆయనా ఒకరు. 1812లో కొడుకుతో కలిసి, అపెండిక్స్ పగిలి చనిపోయిన ఓ బాలుడి కేసును బయటపెట్టారు.

ఆరుగురు మనుషులు, 66 పేజీలు

1817లో, 62 ఏళ్ల వయసులో, వణుకు వాతంపై ఓ చిన్న పుస్తకం అచ్చువేశారు. మొత్తం 66 పేజీలే. అందులో ఉన్నది ఆరుగురు పేషెంట్ల వివరాలు. ఒకరు తోటమాలి. ఇద్దరు వీధిలో ఎదురైనవాళ్లు. ఒకరినైతే దూరం నుంచి చూశారంతే. స్కాన్‌లు లేవు, రక్తపరీక్షలు లేవు. మనిషి ఎలా నడుస్తున్నాడు, ఎలా వంగిపోతున్నాడు, చెయ్యి ఎప్పుడు వణుకుతోంది అన్నది కళ్లతో చూసి రాసుకున్నారు.

జబ్బు ముదిరాక నోటి పరిస్థితి ఏంటన్నదీ ఆయన వదల్లేదు. ముద్ద నోటిదాకా వెళ్లదు, ఎవరో ఒకరు తినిపించాల్సిందే. నాలుక, గొంతు కండరాలు మాట వినవు కాబట్టి నమిలేదాకా అన్నం నోట్లో నిలవడమే కష్టం, మింగడం ఇంకా కష్టం. లాలాజలం గొంతులోకి వెళ్లక చొంగలా బయటికి కారుతుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, తిన్నదాని ముక్కలు నోట్లోనే ఉండిపోతాయని, వాటిని శుభ్రం చేసుకునే శక్తి పేషెంట్‌కు ఉండదని రాశారు. అదే సమయంలో బుద్ధి, తెలివి దెబ్బతినవని కూడా అన్నారు. కొందరిలో జ్ఞాపకశక్తి కూడా తగ్గుతుందని తర్వాతి కాలంలో తేలింది. అయితే చాలామందికి తమ నోటికి ఏమవుతోందో బాగానే తెలుస్తుంది. అందుకే నలుగురిలో తినడానికి సిగ్గుపడి పెళ్లిళ్లకు, విందులకు వెళ్లడం మానేస్తారు.

పళ్లు ఎందుకు పోతాయి?

ఆయన రాసిన ఆ ముక్కల సంగతిలోనే సగం జవాబు ఉంది. పళ్ల మధ్య, చిగుళ్ల అంచున ఆహారం నిలిచిపోతే బ్యాక్టీరియా పెరిగి పళ్లను తినేస్తుంది, చిగుళ్లు వాస్తాయి. మామూలు మనిషి నాలుకతో తిప్పి, పుక్కిలించి, బ్రష్ చేసి వదిలించుకుంటాడు. ఇక్కడ నాలుక కదలిక మందగిస్తుంది, చెయ్యి బిగుసుకుపోతుంది, వేళ్లు బ్రష్‌ను చిన్నగా తిప్పలేవు.

చొంగ కారుతోందంటే లాలాజలం ఎక్కువ ఊరుతోందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అది కాదు, మింగడం తగ్గిపోవడం. మరోవైపు కొన్ని మందుల వల్ల నోరు ఎండిపోతుంది. పళ్లను కాపాడేది లాలాజలమే కాబట్టి, అది తగ్గితే పిప్పి పళ్లు త్వరగా వస్తాయి. ఇక పళ్లు పోయాక పెట్టే సెట్టు కూడా నిలవదు. దాన్ని పట్టి ఉంచాల్సింది బుగ్గలు, నాలుక, నోటి తడే. మెత్తటి అన్నంతో సరిపెట్టుకుంటూ మనిషి బరువు తగ్గిపోతాడు.

ఇది పళ్లతో ఆగదు. శుభ్రంగా లేని నోటిలోని బ్యాక్టీరియా, పొలమారినప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. ముదిరిన పార్కిన్సన్స్‌లో ప్రాణాలు తీసే ప్రధాన కారణాల్లో ఇదొకటి.

పేరు వచ్చింది చనిపోయాకే

ఆ రోజుల్లో పార్కిన్సన్ దగ్గర మందు లేదు. మెడ దగ్గర రక్తం తీయడం, బొబ్బలు రప్పించడం లాంటి చికిత్సలే సూచించగలిగారు. లోపం మెడ భాగంలోని వెన్నుపాములో ఉందని అనుకున్నారు. అది మెదడులో ఉందని తెలియడానికి వందేళ్లు పట్టింది. డోపమైన్ తగ్గడమే కారణమని 1960లో తేలింది, ఆ దశాబ్దంలోనే లెవోడోపా మందు వచ్చింది.

1824 డిసెంబర్ 21న స్ట్రోక్‌తో పార్కిన్సన్ కన్నుమూశారు. ఆయన్ను షోర్‌డిచ్‌లోని సెయింట్ లెనార్డ్స్ చర్చి ఆవరణలో ఖననం చేశారు. పుస్తకాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. సుమారు 50 ఏళ్ల తర్వాత పారిస్ వైద్యుడు షార్కో ఈ జబ్బుకు ఆయన పేరు పెట్టాలన్నారు. పేషెంట్లందరికీ వణుకు ఉండదు కాబట్టి, వణుకు వాతం అనే పాత పేరు సరిపోదన్నది షార్కో వాదన.

ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు ఉంటే..

జబ్బు బయటపడిన కొత్తలోనే పళ్ల డాక్టర్‌కు చూపించాలి. కూర్చోగలిగినప్పుడు, నోరు తెరవగలిగినప్పుడు చేయించుకునే పని సులువు. ఏళ్లు గడిచాక అదే పని కష్టమవుతుంది. అపాయింట్‌మెంట్ పొద్దున పూట, మందు వేసుకున్న గంట నుంచి గంటన్నర తర్వాత పెట్టుకుంటే వణుకు, బిగుసు తక్కువగా ఉంటాయి. వాడే మందుల చీటీ తప్పకుండా చూపించాలి. సెలెజిలిన్, రసాజిలిన్ లాంటివి వాడుతుంటే మత్తు ఇంజెక్షన్‌కు ముందే చెప్పాలి. కుర్చీని పూర్తిగా వాల్చొద్దని అడగాలి, నీళ్లు గొంతులోకి జారి పొలమారే ప్రమాదం ఉంది. లేచేటప్పుడు బీపీ పడిపోయి తల తిరగొచ్చు కాబట్టి నెమ్మదిగా లేపాలి.

ఇంట్లో లావు పిడి ఉన్న బ్రష్ లేదా ఎలక్ట్రిక్ బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్ వాడాలి. తిన్న ప్రతిసారీ బుగ్గల లోపల, నాలుక కింద ముక్కలు మిగిలాయేమో చూడాలి. పళ్ల సెట్టును రాత్రి తీసి కడిగిపెట్టాలి. చెయ్యి ఆడనప్పుడు ఇంట్లోవాళ్లే బ్రష్ చేయాలి. ముద్ద తినిపించినంత సహజంగానే ఇదీ జరగాలి.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. మందులు, చికిత్స విషయంలో మీ న్యూరాలజిస్ట్, దంతవైద్యుల సలహానే పాటించండి.