నవ్వించిన అత్తగారు – భానుమతీ రామకృష్ణ

ఇంజనీరు సినిమా నటి గురించి రాయడమేమిటని మిత్రులు అనుకోవచ్చు. సున్నపురాయి గురించి, సిమెంటు గురించి కరణ్‌కోటలో చదువుకున్నవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అందుకే నాకు ఎంతో ఇష్టమైన ఒక రచయిత్రి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఈడువాళ్లకు భానుమతి గారు మొదట తెలిసింది నాయనమ్మగానే. 1984లో ‘మంగమ్మగారి మనవడు’ వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. తాండూరు వెళ్లి ఆ సినిమా చూసి వచ్చాక, బాలకృష్ణ కంటే ఆ ముసలమ్మ గద్దింపే మాకు ఎక్కువ రోజులు గుర్తుంది. ఆమె ఒకప్పటి గొప్ప నాయిక అనీ, పాటలన్నీ తానే పాడుకునేదనీ మా అమ్మ చెబితే తెలిసింది. కథలు రాస్తుందని తెలియడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు సంగీతం తెలిసినవారు. కూతురికి తొలి గురువు ఆయనే. 1939లో సి. పుల్లయ్య తీసిన ‘వరవిక్రయం’లో కాళింది వేషంతో సినిమాల్లోకి వచ్చారు. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. కాళ్లకూరి నారాయణరావు గారి ఆ నాటకం వరకట్నం మీద రాసినది. కట్నం పోసి మొగుణ్ణి కొనడాన్ని ఎదిరించే కథతో ఆమె ప్రయాణం మొదలు కావడం నాకు ఎప్పుడూ విశేషంగానే తోస్తుంది.

‘కృష్ణప్రేమ’ తీస్తున్న రోజుల్లో సహాయ దర్శకుడు పి.ఎస్. రామకృష్ణారావు గారిని ప్రేమించి, 1943లో పెళ్లి చేసుకున్నారు. ఇక సినిమాలు వద్దు, ఇల్లు చాలనుకున్నారు. ఆ కథ అక్కడే ముగిసిపోవలసింది. కానీ బి.ఎన్. రెడ్డి గారు ‘స్వర్గసీమ’ కోసం అడిగారు, భర్త సరేనన్నారు. 1945లో ఆ సినిమా వచ్చాక ఆమె పాట తెలుగునాట ఇంటింటికీ చేరింది. తర్వాత దంపతులిద్దరూ కొడుకు పేరు మీద భరణీ పిక్చర్స్ పెట్టి ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’, ‘విప్రనారాయణ’ తీశారు. 1951లో బి.ఎన్. రెడ్డి గారి ‘మల్లీశ్వరి’ వచ్చింది. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ ఆమే దర్శకత్వం వహించి తీశారు, అందులో రెండు పాత్రలు కూడా ఆమెవే. మూడు భాషల చిత్రీకరణ, రెండు వేషాలు, పాటలు, పైగా సొంత డబ్బు! ఫ్యాక్టరీలో ఒక్క షట్‌డౌన్ పనిని సకాలంలో ముగించడానికే తల పట్టుకునే నాలాంటివాడికి ఆ భారం కొంత ఊహకు అందుతుంది. మరుసటి ఏడు వచ్చిన ‘చక్రపాణి’, పిసినారి తాత డబ్బు చుట్టూ తిరిగే హాస్య చిత్రం. దానికి సంగీతం కూడా ఆమెదే.

ఆత్మాభిమానానికి ఆమె చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ‘మిస్సమ్మ’లో నాయికగా మొదట నటించింది భానుమతే. కొన్ని రీళ్లు తీశాక, ఆలస్యంగా వచ్చినందుకు నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ అడిగారు. వ్రతం చేసుకుని వచ్చానన్నది ఆమె వాదన. ఆమె తగ్గలేదు, ఆయనా తగ్గలేదు. తీసిన రీళ్లు వృథా అయ్యాయి, పాత్ర సావిత్రికి వెళ్లింది. 1955లో సినిమా వచ్చి చరిత్రలో నిలిచింది. ఎవరిది తప్పో నేను తేల్చలేను గానీ, అంతటి పాత్రను వదులుకోవడానికి సిద్ధపడ్డ మనిషి అన్నది మాత్రం నిజం.

అంత బిగువైన మనిషి కలం పడితే మాత్రం హాయిగా నవ్వించేవారు. ‘అత్తగారి కథలు’లో కథ చెప్పేది కోడలు. మడి, ఆచారం, పట్టుదల, అమాయకత్వం అన్నీ కలిస్తే ఆ అత్తగారు. తనకు తెలియనిది లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే ఆమెను చిక్కుల్లో పడేస్తుంది. ఆవకాయ జాడీ చాలు ఆ ఇంట్లో ఒక పెద్ద కథ నడవడానికి. అప్పటికి సినిమాల్లో అత్త అంటే సూర్యకాంతం గారి గయ్యాళితనమే. భానుమతి గారి కోడలు మాత్రం అత్తను చూసి నవ్వుకుంటుందే గాని చులకన చేయదు. పుస్తకం మూసేసరికి మనకూ అలాంటి అత్తగారు ఒకరుంటే బాగుండునని అనిపిస్తుంది. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆత్మకథ ‘నాలో నేను’కు జాతీయ పురస్కారం వచ్చింది. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

ఈ జీవితం చదివినప్పుడల్లా నాకు మా పదో తరగతి అమ్మాయి ఒకామె గుర్తుకొస్తుంది. పేరు రాయను. వార్షికోత్సవానికి ఆమె రాసి, తానే ముసలవ్వ వేషం వేసిన చిన్న నాటిక చూసి సార్లు, టీచర్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పరీక్షలయ్యాయి, ఆ వేసవిలోనే పెళ్లయింది. మేము పాలిటెక్నిక్‌లకూ ఇంజనీరింగుకూ పోయాము. ఆమె మళ్లీ ఏమైనా రాసిందా అని మాలో ఒక్కరమూ కనుక్కోలేదు.

భానుమతి గారికి ప్రతిభ ఉంది, మొండితనం ఉంది. అయినా పెళ్లయ్యాక ఆమె ఇంట్లో ఉండిపోతానన్నప్పుడు ఒకరు వచ్చి అడిగారు, ఇంకొకరు అడ్డుపడలేదు. ఆ రెండూ జరగకపోతే మనకు మల్లీశ్వరీ లేదు, మంగమ్మా లేదు, ఆ అత్తగారూ లేదు.

కనుక మన సంఘానికి నాదొక విన్నపం. బడి గ్రంథాలయానికి ‘అత్తగారి కథలు’ రెండు ప్రతులు నేను ఇస్తాను. మీరు పాత హాజరు పట్టీలు తీసి, మనతో చదివిన ఆడపిల్లలు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో వెతకండి. వాళ్లలో చాలామంది ఇప్పుడు అత్తగార్లే అయి ఉంటారు. వచ్చే సంచికకు వాళ్ల కథలు వాళ్లనే రాయమందాం.