ఛాయాచిత్ర శిల్పి రాజా దీన్‌దయాళ్

పూర్వం కవి తన కావ్యాన్ని కృతిభర్తకు అంకితమిచ్చి ఆయన ఆదరణతో జీవించేవాడు. కవిసార్వభౌముడైన శ్రీనాథుడు సైతం కొండవీడు, రాజమహేంద్రవరం మొదలైన ఆస్థానాలను ఆశ్రయించాడు. ప్రతిభ ఎంత గొప్పదైనా గుర్తించగలవారి చెంతకు చేరనిదే కళాకారునికి జీవనం గడవదు. ఈ సత్యాన్ని గ్రహించి, కెమెరా అనే కొత్త సాధనంతో హైదరాబాదు చరిత్రను చిత్రించిన మహనీయుడు రాజా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో, ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులోని ప్రభుత్వ నిర్మాణ శాఖలో ఉద్యోగిగా చేరారు. 1870వ దశకంలో ఆయనకు ఫొటోగ్రఫీపై అనురక్తి కలిగింది. అది ఆనాడు సులభమైన విద్య కాదు. బరువైన కెమెరాను, గాజుపలకలను, రసాయనాలను వెంట మోసుకొని వెళ్ళవలసి వచ్చేది. వ్యయం కూడా అధికమే.

ఆయన కళను మొదట ఆదరించినవారు ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్. మహారాజు ఆయనను మధ్యభారతంలో బ్రిటిష్ ప్రతినిధి అయిన సర్ హెన్రీ డేలీకి పరిచయం చేశారు. అనంతరం అదే పదవిని నిర్వహించిన సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి దీన్‌దయాళ్ 1882లో బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించి, అక్కడి ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలు 1886లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. ఈ విధంగా ఒక పరిచయం మరొక పరిచయానికి దారితీసింది. అయితే పరిచయం ద్వారాన్ని ఒకసారి మాత్రమే తెరుస్తుంది. రెండవసారి పిలుపు రావాలంటే పనిలో నాణ్యత ఉండాలి. దీన్‌దయాళ్ ప్రతి చిత్రమూ తరువాతి పనికి సిఫారసుగా నిలిచింది.

క్రమంగా ఆయన ముందు ఒక క్లిష్టమైన ప్రశ్న నిలిచింది. ఒకవైపు నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం, మరొకవైపు అనిశ్చితమైన కళాజీవితం. ఆయన సాహసించి కళనే వరించారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో స్థాపించారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులై చార్మినారును, చౌమహల్లా, ఫలక్‌నుమా ప్రాసాదాలను, దర్బారులను, వేట శిబిరాలను చిత్రించారు. 1894లో నిజాం ఆయనకు రాజా బహద్దూర్, ముసవ్విర్ జంగ్ అనే బిరుదులను ప్రసాదించారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు.

రాజాశ్రయం లభించినా ఆయన దానితోనే తృప్తి చెందలేదు. పాతనగరంలోని దేవిడీల ఎత్తైన గోడల వెనుక పరదా పాటించే స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చొని చిత్రం తీయించుకోవడం ఆనాటి ఆచారానికి విరుద్ధం. వారి మర్యాదకు భంగం కలగకుండా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. ఇతరుల సంకోచాన్ని గౌరవించి, దానికి తగిన ఉపాయాన్ని కల్పించడం వల్లనే ఆయనకు కొత్త ఆదరణ లభించింది. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచి సంపన్న పౌరులకు చేరువయ్యారు.

1905లో దీన్‌దయాళ్ కన్నుమూశారు. వారి కుమారుడు జ్ఞాన్‌చంద్ స్టూడియోను కొనసాగించారు. 1911లో ఆరవ నిజాం మరణించారు. అటుపై ఆ సంస్థకు పూర్వవైభవం నిలువలేదు. ప్రభువుల అండ ఎంత బలమైనదైనా శాశ్వతం కాదనడానికి ఇదే నిదర్శనం. కాని చిత్రాలు నిలిచాయి. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,800కు పైగా గాజుపలక నెగటివులను సేకరించి భద్రపరిచింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మృతిచిహ్నంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది.

కళను అమ్ముకోవడం హీనమని భావించేవారు దీన్‌దయాళ్ జీవితాన్ని పరిశీలించాలి. ఆయన ప్రభువులను ఆశ్రయించారు గాని పనిలో నాణ్యతను విడువలేదు. పరిచయాలను పెంచుకున్నారు గాని ఒక్క ద్వారం వద్దనే నిలిచిపోలేదు. కళాకారునికి సత్సంబంధాలు సోపానాలు కాగలవు. ఆ సోపానాలను ఎక్కించవలసినది మాత్రం అతని కృషియే.