బ్రౌన్ దొర రిటైరయ్యాక...

రిటైరైన మగవాళ్ళున్న ఇంట్లో మొదటి ఆరు నెలలూ ఎలా గడుస్తాయో అనుభవించిన వాళ్ళకే తెలుసు. మా మామగారు తాలూకాఫీసులో పనిచేసి యాభై ఎనిమిదో ఏట దిగిపోయారు. దండలు, శాలువా, గ్రూపు ఫొటో అన్నీ అయ్యాయి. మర్నాడు తొమ్మిదిన్నరకు అలవాటు కొద్దీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని వాకిలిదాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయారు. ఇక ఆ తర్వాత పేపరు రెండుసార్లు చదవడం, పనిమనిషి ఎన్ని గిన్నెలు తోమిందో లెక్కపెట్టడం, నేను కూరలో ఉప్పు ఎంత వేస్తున్నానో వచ్చి చూడటం! నాకు చిరాకేసేది. ఆయన మనసులో ఎంత దిగులుందో అప్పట్లో నాకు తట్టలేదు సుమండీ.

మాది కడప. బ్రౌన్ దొర నిఘంటువు రాశాడనీ, వేమన పద్యాలు అచ్చేయించాడనీ చిన్నప్పటినుంచీ వింటున్నదే. కానీ ఉద్యోగం మానేశాక ఆయన ఇంచుమించు ముప్ఫై ఏళ్ళు బతికాడని ఆ రోజుల్లోనే ఒక పుస్తకంలో చదివాను. అన్నేళ్ళూ ఏం చేసుంటాడు? మామగారిని రోజూ చూస్తున్నదాన్ని కదా, నాకు ఆ ప్రశ్నే పట్టుకుంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. 1812లో ఆయన పోవడంతో కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోయింది. బ్రౌన్ అక్కడ కంపెనీ కొలువుకు కావలసిన చదువు చదువుకుని 1817లో మద్రాసులో ఓడ దిగాడు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా వేశారు. ఇంకా ఇరవై రెండు నిండని కుర్రాడు! మన ఎండలు ఎలా ఓర్చుకున్నాడో!

కచ్చేరీ పనికి కావలసినంత తెలుగు వస్తే చాలనుకునే దొరలే ఎక్కువ. ఈయన అక్కడితో ఆగలేదు. వేమన పద్యాలు వెతికి పోగుచేసి 1829లో అచ్చేయించాడు. కడపలో బంగళా, తోట కొని, పండితుల్ని పెట్టి, వాళ్ళకు తన జీతంలోంచే జీతాలిచ్చి తాళపత్రాలు నకలు రాయించాడు. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, తప్పులు దిద్దించేవాడు. జూలూరి అప్పయ్య లాంటి పండితులు ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పనిచేశారు. అప్పులూ అయ్యాయి. పెళ్ళాం బిడ్డలు ఉంటే ఈ ఖర్చు సాగనిచ్చేవారా అని నాకు నవ్వొస్తుంది. ఆయన పెళ్ళే చేసుకోలేదు లెండి.

అసలు సంగతి ఇక్కడుంది. 1834లో ఆయన ఉద్యోగం పోయింది. ముప్ఫై అయిదారేళ్ళ వయసు. లండను వెళ్ళాడు. కంపెనీవారి ఇండియా హౌస్ గ్రంథాలయంలో మన దక్షిణాది భాషల రాతప్రతులు అడిగేవాడు లేక పడి ఉన్నాయి. ఇంకొకరైతే పోయిన కొలువును తలుచుకుని కుమిలిపోయేవారు. ఈయన ఆ కట్టలు విప్పి చూడటం మొదలుపెట్టాడు. అవి మద్రాసుకు తిరిగొచ్చే ఏర్పాటూ చేశాడు. రెండు వేలకు పైగా రాతప్రతులు! జీతం ఇచ్చేవాళ్ళు లేరు, చెయ్యమన్న వాళ్ళూ లేరు. కొలువు వేరు, పని వేరు అని ఆయనకు ఆ రెండుమూడేళ్ళలోనే తెలిసొచ్చి ఉంటుందని నా ఊహ. తర్వాత మళ్ళీ కంపెనీ కొలువులోకి వచ్చి మద్రాసులో పారశీక భాషా అనువాదకుడుగా, పోస్టు మాస్టర్ జనరలుగా పనిచేశాడు. వ్యాకరణం 1840లో వచ్చింది. 1852 మొదలు పెద్ద నిఘంటువులు అచ్చులోంచి బయటికొచ్చాయి. పండితులు మెచ్చని వాడుక మాటల్ని కూడా వాటిలో చేర్చాడు.

1854లో ఉద్యోగం వదిలి, 1855లో శాశ్వతంగా లండను వెళ్ళిపోయాడు. అప్పటికి యాభై ఆరేళ్ళు. చూడండి, ఇంచుమించు మా మామగారు రిటైరైన వయసే. ప్రాణంగా కూడబెట్టిన తాళపత్రాలు మద్రాసులో ఉండిపోయాయి. సందేహం వస్తే పిలిచి అడగడానికి పండితుడు లేడు, తెలుగులో పలకరించే మనిషి లేడు. ఆడపిల్ల పుట్టింటి భాష వినబడని ఊరికి కాపురానికి పోతే ఎలా ఉంటుందో, అలా ఉండి ఉంటుంది. స్వదేశమే అయినా ముప్ఫై ఏళ్ళకు పైగా బతికింది ఇక్కడ కదా!

అయినా పని మానలేదు. వ్యాకరణం రెండో కూర్పు 1857లో వచ్చింది. హిందువులూ ముసల్మానులూ కాలాన్ని ఎలా లెక్కపెడతారో వివరిస్తూ 1863లో ఒక పుస్తకం వేశాడు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ప్రొఫెసరయ్యాడు. అరవై ఆరేళ్ళప్పుడు కొత్త కొలువు! ఆ ఊళ్ళో తెలుగు నేర్చుకోవడానికి ఎంతమంది వచ్చి ఉంటారు చెప్పండి? తర్వాత తన సాహిత్య జీవితం గురించి తనే ఒక చిన్న పుస్తకం రాసుకున్నాడు. అలాంటి పుస్తకంలో కాస్త గొప్ప, కాస్త బెంగ రెండూ ఉంటాయి. ఇన్నేళ్ళు పడ్డ పాటు ఎవరికీ గుర్తుండదేమోనన్న భయం ఏ మనిషికి ఉండదు? పిల్లలు రెక్కలొచ్చి వెళ్ళిపోయాక మనకూ అదే భయం కదా.

1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూశాడు. ఎనభై ఆరేళ్ళు. నిఘంటువును సవరించి కొత్త కూర్పు వేసే పని తర్వాత మనవాళ్ళు అందుకున్నారు. 1903లో వచ్చిన ఆ కూర్పులో కందుకూరి వీరేశలింగం పంతులు చెయ్యి కూడా ఉంది. కడపలో బంగళా మాత్రం పాడుబడి మొండిగోడలు మిగిలాయి. ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసిన జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి విరాళాలు పోగుచేసి, అక్కడ గ్రంథాలయం లేపారు. 2014లో పోయేవరకూ ఆయన ధ్యాస దాని మీదే.

ఈ కథంతా ఒక సాయంత్రం మామగారికి చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. కచ్చేరీ మాటలకు కూడా బ్రౌన్ విడిగా ఒక జిల్లా నిఘంటువు వేశాడని చెప్పినప్పుడు మాత్రం తలెత్తి చూశారు. జమాబందీ ఉందా, అడంగల్ ఉందా అని ఆరా తీశారు. మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళొస్తానని బయల్దేరారు. ఇప్పుడు తాలూకాఫీసు పాత మాటలన్నీ గుర్తు తెచ్చుకుని అర్థాలతో సహా రాస్తున్నారు. మూడు నోటుబుక్కులయ్యాయి. అవి ఎవరైనా చదువుతారో లేదో నాకు తెలీదు. తొమ్మిదిన్నరకల్లా ఇస్త్రీ చొక్కా మాత్రం ఇప్పటికీ కావలసిందే.