బొటనవేళ్ళే మందుగా బ్రతికిన నామికోషి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసిమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు అందరికీ తెలిసిన నాయకుల జోలికి పోబుద్ధి కాలేదు. పెన్షనర్లం నలుగురం కలిస్తే ముందు వచ్చేది డి.ఎ. బకాయిల మాట, తర్వాత మోకాళ్ళ మాట. ఆ రెండోదానితో జీవితమంతా గడిపిన జపాను దేశస్థుడు తొకుజిరో నామికోషి గారిని గురించి నాలుగు మాటలు రాస్తాను.

ఆయన 1905లో షికోకు దీవిలోని కగావా ప్రాంతంలో పుట్టారు. ఏడేళ్ళ వయసులో, అంటే 1912లో, కుటుంబం ఉత్తరాన హొక్కైడో దీవిలోని రుసుత్సు అనే పల్లెకు వలస వెళ్ళింది. అక్కడ చలి విపరీతం. తల్లి మాసా గారికి మోకాళ్ళలో నొప్పి మొదలై మడమలు, మణికట్లు, మోచేతులు, భుజాల దాకా పాకింది. కీళ్ళవాతం అన్నమాట. ఊళ్ళో డాక్టరు లేడు. పిల్లలు వంతులవారీగా తల్లి ఒళ్ళు రుద్దేవారు, ఒత్తేవారు. మన ఇళ్ళల్లో జేజికి మనవళ్ళు కాళ్ళు పిసికినట్టే.

అయితే అందరి చేతుల్లోకీ తొకుజిరో చేతులే ఆ తల్లికి హాయిగా ఉండేవట. ఆ పిల్లవాడు ఊరికే పిసకలేదు, గమనించాడు. ఒంట్లో ఎక్కడ బిగుసుకున్నదో, ఎక్కడ చల్లగా ఉన్నదో వేళ్ళతో తెలుసుకుని అక్కడ ఎక్కువసేపు ఒత్తేవాడు. మొదట రుద్దడం ఎక్కువ, ఒత్తడం తక్కువగా ఉండేది. పోనుపోను రుద్దడం తగ్గించి ఒత్తడం పెంచాడు. నడుముకు రెండు పక్కలా ఒత్తితే ఎక్కువ ఉపశమనం కలిగేదట. క్రమంగా తల్లి కోలుకున్నది. అక్కడ మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ప్రేరేపితమై వాపు తగ్గించే కార్టిసోన్ తయారై ఉంటుందని ఆయన తరువాతి కాలంలో వివరణ ఇచ్చుకున్నారు. అది ఆయన ఊహే గాని రుజువైన సంగతి కాదు.

పెద్దయ్యాక 1925లో మురోరాన్ పట్టణంలో వైద్యశాల పెట్టారు. తర్వాత టోక్యో చేరి, 1940లో శిక్షణాలయం స్థాపించారు. షియాట్సు అంటే వేళ్ళ ఒత్తిడి అని అర్థం. ఆ పేరుతో ఆయనకన్నా ముందే టమాయ్ టెంపాకు అనే ఆయన పుస్తకం రాశారు గనుక పేరు నామికోషి గారిది కాదు. దాన్ని పాఠంగా, పరీక్షగా, వృత్తిగా నిలబెట్టింది మాత్రం ఆయనే. జపానులో అంతకు పూర్వం అన్మా అనే మర్దన ఉండేది. దాన్ని తరతరాలుగా ఎక్కువగా అంధులు జీవనోపాధిగా చేసేవారు. షియాట్సు చట్టంలోకి ఎక్కింది 1955లో. అన్మాకు, మసాజుకు వేరైన పద్ధతిగా గుర్తింపు రావడానికి 1964 దాకా పట్టింది. ఫైలు కదలడం ఏ దేశంలోనైనా అంతే!

1954లో హాలీవుడ్ తార మార్లిన్ మన్రో భర్తతో జపాను వచ్చి కడుపునొప్పితో బాధపడినప్పుడు నామికోషి గారే చికిత్స చేశారు. దాంతో ఆయన పేరు మారుమోగింది. ఆయన 2000 సెప్టెంబరులో, తొంభై అయిదోపడిలో కాలం చేశారు.

పద్ధతి తేలికే. నూనె అక్కరలేదు, పలుచని బట్ట మీదనే చేయవచ్చు. బొటనవేలి మెత్తని భాగంతో నిటారుగా, మెల్లగా, మూడు నుంచి అయిదు సెకన్లు ఒత్తి వదలాలి. మెడ దగ్గర ఇంకా తక్కువసేపు. ఎముకలు గుల్లబారినవారు, కాలి రక్తనాళాల్లో గడ్డ ఉన్నవారు, జ్వరం ఉన్నవారు, రక్తం పలచబరచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా చేయించుకోరాదు. దీని మీద జరిగిన పరిశోధనలు కొద్దిపాటివి. నొప్పికి కొంత ఉపశమనమే గాని కీళ్ళవాతానికి మందు మానడానికి వీల్లేదు.

ఇక నా సంగతి. మా అమ్మకూ ఇదే జబ్బు. ఆమె ఉదయగిరిలో, నేను ఆత్మకూరులో గుమాస్తాగా. ఆదివారం బస్సు దిగి ఇల్లు చేరగానే కాస్త మోకాళ్ళు ఒత్తమని అడిగేది. నేను జేబులోంచి నొప్పి బిళ్ళల పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టి, జమాబంది లెక్కలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. బిళ్ళలకు తక్కువ చేయలేదు. ఒత్తింది మాత్రం ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో. నామికోషి గారి బాల్యం మొదటిసారి చదివిననాడు పుస్తకం మూసి వాకిట్లో చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు మా ఇంటావిడకు మోకాళ్ళు పట్టేస్తున్నాయి. డాక్టరు గారిని అడిగి, రాత్రి భోజనాలయ్యాక పావుగంట ఒత్తుతున్నాను. మొదటి వారం ఆమె మోకాళ్ళకన్నా నా బొటనవేళ్ళే ఎక్కువ నొప్పి పెట్టాయి. ముప్పై ఏళ్ళు కాగితాలు తిప్పిన వేళ్ళు గదా. మనవడు వచ్చినప్పుడు మాత్రం నా చేతులు పక్కకు నెట్టేస్తుంది, వాడి చేతులే బాగుంటాయట.