డాక్టర్ కె.ఎల్.రావు: నీళ్ల మంత్రి చేసిన కరెంటు పని

గుడివాడ నుంచి బయల్దేరినా, బందరు నుంచి బయల్దేరినా బెజవాడ బస్సు కంకిపాడు మీదుగానే పోతుంది. డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారిది ఆ ఊరే. కె.ఎల్.రావు అనగానే మనవాళ్లు నాగార్జునసాగర్ అంటారు, ఆయన పేరు పెట్టుకున్న పులిచింతల అంటారు. ముప్పై ఏళ్లు హైటెన్షన్ లైన్ల మధ్య గడిపిన నాకు మాత్రం ఆ పేరు వింటే తీగలే గుర్తొస్తాయి. సంఘం వారు స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆ సంగతే రాద్దామనుకున్నాను.

ఆయన 1902 జూలై 15న పుట్టారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కన్ను చూపు పోయింది. ఉన్న ఒక్క కంటితోనే మద్రాసులో ఇంజనీరింగ్ చదివి, 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. ఢిల్లీలో ఆనకట్టల డిజైన్లు చూశారు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లారు. మరుసటి ఏడు కేంద్ర ప్రభుత్వంలో చేరి సుమారు పదేళ్లు నీటిపారుదల, విద్యుత్ శాఖలో ఉన్నారు. ఆ శాఖ పేరులో మొదటి సగమే జనానికి గుర్తుండిపోయింది.

అప్పట్లో ఏ రాష్ట్రం కరెంటు చాలావరకు ఆ రాష్ట్రానిదే. పెద్ద యంత్రం ఒకటి ట్రిప్పయితే దాని బరువంతా మిగిలినవాటి మీద పడుతుంది. వాటి వేగం తగ్గి, 50 హెర్ట్జ్ ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. మరీ పడితే, చెడిపోకుండా ఉండేందుకు అవీ ఒకదాని వెనుక ఒకటి ఆగిపోతాయి. నలుగురు మోసే పల్లకిలో ఒకడి కాలు జారితే పల్లకి ఒరుగుతుంది. అదే నలభైమంది మోస్తుంటే లోపలివాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఆ నలభైమందిని కూడగట్టే పని 1964లో, ఆయన ఆ శాఖలో ఉండగా మొదలైంది. దేశంలో ఐదు ప్రాంతీయ విద్యుత్ బోర్డులు ఏర్పడ్డాయి. మన దక్షిణాదిది బెంగళూరులో. కాలువ నీళ్ల దగ్గర ఎగువ ఊరికీ దిగువ ఊరికీ ఎలా ఉంటుందో మనకు చెప్పాలా? కరెంటు దగ్గర రాష్ట్రాలూ అంతే. వాటిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడం ఆనకట్ట కట్టడం కన్నా తేలికని నేననుకోను. 1969లో పల్లెల విద్యుదీకరణకు ప్రత్యేకంగా కార్పొరేషన్ వచ్చింది. 1972లో ఆయన ప్రతిపాదించిన గంగా కావేరి అనుసంధానం మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. నదులు కలవలేదు గానీ తీగలు కలిశాయి.

కలపడంలో ప్రమాదమూ ఉంది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైంది. రెండో రోజు తూర్పు, ఈశాన్య రాష్ట్రాలు కూడా. డీసీ లింకులతో మాత్రమే కలిసి ఉన్నందున దక్షిణాది తప్పించుకుంది. విడిగా ఉండటమే మేలన్నవాళ్లు మాలోనూ ఉన్నారు. కానీ అదే కాలంలో మన దగ్గర కరెంటు కోతలు ఎలా ఉండేవో గుర్తు చేసుకోండి. పక్క ప్రాంతంలో కరెంటు ఉన్నా కావలసినంత తెచ్చుకునే దారి లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కె.వి. లైను పడ్డాక దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ అయింది. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏడేళ్లు. 1986 మే 18న కన్నుమూశారు.

అయితే ఈ బలమంతా వచ్చేది పెద్ద సబ్‌స్టేషన్ దాకానే. దివిసీమ కాలువకు ఎంత శివారో, కరెంటుకూ అంతే శివారు. లైను పొడవు పెరిగేకొద్దీ, మోటార్లు ఎక్కువయ్యేకొద్దీ వోల్టేజీ కుంగుతుంది. రొయ్యల చెరువులో రాత్రిపూట ఏరేటర్లు గంటసేపు ఆగితే పంట తేలిపోతుంది. ఆ రైతుకు దేశమంతా ఒకే గ్రిడ్డని చెప్పి ఏం లాభం? సబ్‌స్టేషన్లలో కెపాసిటర్లు సరిగా పనిచేయాలి. ఒక లైను తుపానుకు పడితే ఇంకో వైపు నుంచి కరెంటు అందే రెండో దారి ఉండాలి. నాగాయలంక, కోడూరు వైపు నేను ముందుగా అడిగేది ఆ రెండో దారినే.