ఒంటరి న్యాయమూర్తి

న్యాయపీఠం మీద అధికసంఖ్యాకుల మాటే శాసనం. తక్కినవారి అభిప్రాయం గ్రంథస్థమై అలమారులలో మిగిలిపోతుంది. అట్లా మిగిలిన ఒక అభిప్రాయం అర్ధశతాబ్దం తరువాత ఒక జాతికి మార్గం చూపింది. దానిని వ్రాసినవాడు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి జాన్ మార్షల్ హార్లన్.

హార్లన్ 1833 జూన్ 1న కెంటకీ రాష్ట్రంలో జన్మించాడు. న్యాయవాది అయిన తండ్రి, సుప్రసిద్ధ ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ పేరునే కుమారునికి పెట్టుకున్నాడు. ఆ ఇంట బానిసలుండేవారు. అంతర్యుద్ధంలో హార్లన్ దేశసమైక్యత కోసం ఉత్తరాది సైన్యంలో కర్నలుగా పోరాడాడు. కాని బానిసల విముక్తిని అంగీకరించలేదు. బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడవ రాజ్యాంగ సవరణను సైతం వ్యతిరేకించాడు. 1871లో గవర్నరు పదవికి పోటీ చేసినప్పుడు మాత్రం తన పూర్వాభిప్రాయం తప్పని సభాముఖంగా ఒప్పుకున్నాడు. ఆ ఎన్నికలో ఓడిపోయాడు. 1877లో అధ్యక్షుడు హేస్ ఆయనను సుప్రీంకోర్టుకు నియమించాడు.

వసతిగృహాలలో, నాటకశాలలలో, రైళ్ళలో నల్లజాతివారికి సమాన ప్రవేశం కల్పిస్తూ 1875లో కాంగ్రెసు ఒక చట్టం చేసింది. రాజ్యాంగం రాష్ట్రప్రభుత్వాలనే గాని వ్యక్తులను కట్టడి చేయదంటూ 1883లో ఎనమండుగురు న్యాయమూర్తులు దానిని కొట్టివేశారు. హార్లన్ ఒక్కడే అంగీకరించలేదు. అయితే అసమ్మతి వ్రాయడానికి కూర్చుంటే కలం సాగలేదు. ఆయన భార్య మాల్వీనా ఒక ఆదివారం, భర్త చర్చికి వెళ్ళిన సమయంలో, దాచి ఉంచిన పాత సిరాబుడ్డిని శుభ్రపరచి, సిరా నింపి, ఆయన బల్లపై ఉంచింది. నల్లజాతివారు పౌరులు కాజాలరని 1857లో తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి టానీ వాడిన సిరాబుడ్డి అది! దానిని చూచిన తరువాత హార్లన్ కలం ఆగలేదు.

1892లో న్యూ ఆర్లియన్సులో హోమర్ ప్లెసీ అనే వ్యక్తి శ్వేతజాతీయుల రైలుపెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. వేర్వేరు పెట్టెలు న్యాయసమ్మతమేనని 1896లో ఏడుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. ఈసారీ హార్లన్ ఒంటరివాడే. చట్టానికి చర్మపు రంగుతో పని లేదనీ, ఈ వేర్పాటు ప్రయాణికుల సౌకర్యానికి గాక ఒక జాతిని హీనపరచడానికేననీ ఆయన వ్రాశాడు.

ఆయన నిర్దోషి కాడు. అదే అసమ్మతిలో చీనాజాతివారిని చులకన చేశాడు. జార్జియాలోని ఒక కౌంటీ నల్లజాతి పిల్లల ఉన్నత పాఠశాలను మూసివేసి, శ్వేతజాతి పిల్లల చదువుకు మాత్రం ధనం వెచ్చిస్తున్నప్పుడు, జోక్యం చేసుకోబోమన్న 1899 నాటి ఏకగ్రీవ తీర్పును వ్రాసినవాడూ ఆయనే. కాని ఉభయజాతుల విద్యార్థులకు కలిపి బోధించరాదన్న కెంటకీ శాసనాన్ని న్యాయస్థానం 1908లో సమర్థించినప్పుడు మళ్ళీ ఎదురు నిలిచాడు.

1911 అక్టోబరు 14న హార్లన్ కన్నుమూశాడు. నల్లజాతి విద్యార్థుల పక్షాన పాఠశాలల వేర్పాటుపై పోరాడిన న్యాయవాది తర్‌గుడ్ మార్షల్, మనసు కుంగినప్పుడల్లా హార్లన్ అసమ్మతిని బిగ్గరగా చదువుకునేవాడట. 1954 మే 17న తొమ్మండుగురు న్యాయమూర్తులూ ఏకకంఠంతో ఆ వేర్పాటు చెల్లదన్నారు. 1883లో కూలిన హక్కులను 1964 నాటి పౌరహక్కుల చట్టం తిరిగి నిలబెట్టింది.

బానిసల యజమాని ఇంట పుట్టినవాడు తన తప్పును నలుగురిలో ఒప్పుకున్నాడు. ఆ తరువాతనే ఎనమండుగురి తప్పును ఒంటరిగా ఎత్తిచూపగలిగాడు.